హైదరాబాద్‌లో తక్కువ ఖర్చుతో బయట భోజనం: ఆఫర్ కంటే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. కొండాపూర్‌లో కాపురం, మీరిద్దరూ నాలుగేళ్ల పాపా శనివారం రాత్రి బయటికి వెళ్తే బిల్లు రెండు వేలకు తగ్గడం లేదు కాబట్టి ఏ యాప్‌లో ఆఫర్లు బాగుంటాయి అన్నది మొదటిది. వచ్చే నెల కాకినాడ నుంచి పెద్దవాళ్లు వస్తే ఎనిమిది మందిని ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది రెండోది. ఈ నగరంలో రెస్టారెంట్ల గల్లా దగ్గర, ఖాతాల దగ్గర నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఆఫర్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీసేయాలి అని యజమానులు కూర్చుని లెక్కలు వేసుకునే గదిలో నేనూ ఉండేవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీకు ఖర్చు పెరుగుతున్నది యాప్ సరిగా ఎంచుకోకపోవడం వల్ల కాదు, శనివారం రాత్రిని ఎంచుకోవడం వల్ల.

హోటల్ నడిపేవారికి అద్దె, జీతాలు, కరెంటు బిల్లు ఎలాగూ తప్పవు. కుర్చీలు నిండినా ఖాళీగా ఉన్నా ఆ ఖర్చు ఆగదు. అందుకే ఖాళీ కుర్చీలో ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలు, సరుకు ఖర్చు పోగా పది రూపాయలు మిగిలినా వారికి లాభమే. శనివారం రాత్రి ఎనిమిది గంటలకు గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 36లోనో బయట జనం నిలబడి ఉన్నప్పుడు మీకు తగ్గించాల్సిన అవసరం ఎవరికీ లేదు. అప్పుడు కూడా ఆఫర్ కనిపిస్తోందంటే దానికి షరతులు ఉంటాయి, లేదా ధరల్లోనే ఆ తగ్గింపు ముందే కలిసి ఉంటుంది. అదే హోటల్ మంగళవారం మధ్యాహ్నం మీ కోసం ఎదురుచూస్తుంది.

మంగళవారం అని ఊరికే అనలేదు. మన ఇళ్లలో మంగళ, గురు, శనివారాల్లో మాంసం ముట్టనివారు చాలామంది. శనివారం ఆ లోటును వారాంతపు రద్దీ పూడుస్తుంది. మంగళవారానికీ గురువారానికీ ఆ ఆసరా లేదు. అందుకే మాంసాహార రెస్టారెంట్లలో నిజమైన తగ్గింపులు ఎక్కువగా ఈ రెండు రోజుల్లోనే ఉంటాయి. ఏడాది మొత్తం మీద చూస్తే శ్రావణం, కార్తీకం ఇంకా పెద్ద అవకాశాలు. ఆ నెలల్లో గిరాకీ పడిపోయి కోడిమాంసం ధర దిగుతుంది, బిర్యానీ హోటళ్లలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కార్తీకం తర్వాత అయ్యప్ప మాలలు సంక్రాంతి దాకా సాగుతాయి. మీ ఇంట్లో ఆ నియమాలు లేకపోతే ఏడాదిలో బాగా చవకగా తినగలిగేది ఆ నెలల్లోనే. నియమం ఉన్నవారికి లెక్క తిరగబడుతుంది. కార్తీక సోమవారం నాడు శాకాహార హోటల్‌కు వెళితే క్యూ తప్పదు, తగ్గింపు మాటే ఉండదు.

బఫేలకు ఇదే సూత్రం ఇంకా స్పష్టంగా వర్తిస్తుంది. బార్బెక్యూ నేషన్, అబ్సల్యూట్ బార్బెక్యూస్ లాంటి చోట్ల సోమవారం మధ్యాహ్నానికి ఒక ధర, శని, ఆదివారాల రాత్రికి వేరే ధర. రెండు పూటలా వంటకాలు దాదాపు అవే. మీ ఆఫీసుల దగ్గర మాదాపూర్, హైటెక్ సిటీలో మంచి రెస్టారెంట్లు కూడా పనిదినాల్లో మధ్యాహ్నం పూట చిన్న బఫేనో ప్లేటు భోజనమో పెడతాయి. రాత్రి మెనూలో ఆ వంటకాలను విడివిడిగా చెప్పి తింటే అయ్యే ఖర్చుకూ దీనికీ పోలికే ఉండదు. మీ ఇద్దరికీ వారంలో ఒక సెలవు రోజో ఇంటి నుంచి పని చేసే రోజో కలిస్తే ఆ మధ్యాహ్నాన్ని వాడుకోండి.

ఇక యాప్‌ల సంగతి. స్విగ్గీ డైనౌట్, జొమాటో వారి డిస్ట్రిక్ట్, ఈజీడైనర్ మూడూ ఫోనులో ఉంచుకోండి. ఒకే హోటల్‌కు మూడింటిలో మూడు రకాల ధర ఉండవచ్చు. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకోవడం మాత్రం నెలకు మూడు నాలుగు సార్లు బయట తినేవారికే గిట్టుబాటు. 2017లో జొమాటో గోల్డ్ అనే సభ్యత్వం మొదలైనప్పుడు ఒక వంటకానికి ఇంకొకటి ఉచితం అన్నారు. జనం ఎగబడ్డారు. 2019 ఆగస్టుకల్లా దేశమంతటా రెస్టారెంట్లు మాకు కిట్టడం లేదంటూ ఆ యాప్‌ల నుంచి బయటికి రావడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత నుంచి ఆఫర్లలో గరిష్ఠ పరిమితి, కనీస బిల్లు, ఫలానా రోజుల్లో చెల్లదు అనే షరతులు గట్టిపడ్డాయి. పెద్ద అక్షరాల్లో ఉన్న శాతాన్ని కాసేపు మరిచిపోయి ఈ షరతులే చదవండి.

కనీస బిల్లు అనేది ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. మీరు తినాలనుకున్నది 1,150 రూపాయలైంది. 1,500 దాటితే 300 తగ్గింపు అని యాప్ చెబుతోంది. మీరు 350 పెట్టి ఇంకో స్టార్టర్ చెప్పారు. 1,500లో 300 పోగా 1,200. పన్నుతో కలిపి 1,260. ఆ స్టార్టర్ చెప్పకపోయి ఉంటే పన్నుతో 1,207 రూపాయల 50 పైసలు. అంటే ఆఫర్ వాడుకుని యాభై రూపాయలకు పైగా ఎక్కువ ఖర్చు పెట్టారు, ఆకలికి మించి తిన్నారు. హోటల్ లోపలి నుంచి చూస్తే ఆ షరతు పెట్టిందే ఆ స్టార్టర్ అమ్మడానికి. కనీస బిల్లుకు మీరు మామూలుగానే చేరుకుంటే ఆఫర్ తీసుకోండి, చేరుకోవడానికి అదనంగా చెప్పాల్సి వస్తే వదిలేయండి.

బిల్లు వచ్చాక అది చదవకుండా డబ్బు కట్టకండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, అంటే కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. 2017 నవంబరుకు ముందు ఏసీ హోటల్‌కు ఒక రేటు, ఏసీ లేనిదానికి ఇంకో రేటు ఉండేవి. ఇప్పుడు ఆ తేడా లేదు. ఖరీదైన గదులు అద్దెకిచ్చే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో మాత్రం 18 శాతం ఉంటుంది కాబట్టి అక్కడి ఆఫర్‌ను పోల్చేటప్పుడు ఆ పదమూడు శాతం తేడాను కలుపుకోవాలి. హోటలే తగ్గింపు ఇచ్చి బిల్లులో చూపిస్తే పన్ను తగ్గిన మొత్తం మీదే పడుతుంది. బ్యాంకు కార్డు క్యాష్‌బ్యాక్ అయితే పన్ను పూర్తి బిల్లు మీద పడుతుంది. చిన్న మెస్‌లు, టిఫిన్ సెంటర్లు కొన్ని చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ అనే సులభ పన్ను పద్ధతిలో నమోదై ఉంటాయి. అవి కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీదే ముద్రించాలి.

సర్వీస్ ఛార్జ్ పన్ను కాదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. బిల్లులో కనిపిస్తే మర్యాదగా తీసేయమని అడగండి. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అయితే ఒక విన్నపం. అలా మిగిలిన డబ్బులో కొంత మీకు వడ్డించిన అబ్బాయి చేతిలో నగదుగా పెట్టండి. రాత్రి పదకొండు దాకా నిలబడి పనిచేసే ఆ పిల్లల జీతాలు ఎంతో నేను రాసిన ఖాతా పుస్తకాల్లో చూశాను.

నీళ్ల సీసా దగ్గర కూడా జాగ్రత్త. సీసా మీద ముద్రించిన ధర కంటే రెస్టారెంట్లు ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, పైగా తగ్గింపులు సాధారణంగా సీసాలకు వర్తించవు. కూర్చోగానే "మినరలా, మామూలా?" అని అడుగుతారు. మామూలు నీళ్లే తెమ్మనండి. పాప కోసం ఇంటి నుంచి సీసా తెచ్చుకోండి.

ఇంటికి తెప్పించుకునే భోజనం గురించి మీరు అడగలేదు గానీ మీ నెల తిండి ఖర్చులో అదీ కలిసే ఉంటుంది. డెలివరీ యాప్‌లో ఉండే మెనూ ధరలు హోటల్లో ఉండే ధరల కంటే చాలా చోట్ల ఎక్కువ, దాని మీద ప్యాకింగ్, ప్లాట్‌ఫాం రుసుము, డెలివరీ. ఇంటికి దగ్గర హోటల్ అయితే నేరుగా ఫోన్ చేసి చెప్పి, మీరే వెళ్లి తెచ్చుకోండి.

బిర్యానీ విషయంలో యాప్ కంటే కౌంటర్ దగ్గరి ధరల పలక ఎక్కువ ఉపయోగం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి టోలీచౌకి దాకా చాలా హోటళ్లలో సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అని ఉంటాయి. మనిషికో సింగిల్ చెప్పడం అన్నిటికంటే ఖరీదైన పద్ధతి. మీ ముగ్గురికీ ఒక ఫుల్, ఒక కూర, రెండు రుమాలీ రోటీలు చాలు. కూర్చుని తినే ప్లేటులో కంటే పార్శిల్‌లో అన్నం ఎక్కువ పెట్టే హోటళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. పాత హోటళ్లలో ఇంకో సంగతి ఉంది. కింద మామూలు హాలు, పైన ఏసీ హాలు, రెండింటికీ రెండు మెనూ కార్డులు. వంటగది ఒక్కటే, బిర్యానీ వండే పెద్ద గిన్నె, అదే దేగ్, కూడా ఒక్కటే. ఎండాకాలం కాకపోతే కింద కూర్చోండి.

అసలు ఈ నగరంలో నిజమైన చవక భోజనం ఏ యాప్‌లోనూ కనిపించదు. అది మెస్‌లలో ఉంది. అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో కోచింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారు నిలబెట్టిన వ్యాపారం అది. రోజూ వచ్చే మనిషికి రుచి తగ్గితే మర్నాడు పక్క మెస్‌కు పోతాడు, అందుకే అక్కడ వంట నిజాయతీగా ఉంటుంది. మీకు హైటెక్ సిటీ నుంచి అమీర్‌పేటకు మెట్రో నేరుగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం కాకుండా మామూలు రోజు పన్నెండున్నర లోపు వెళ్లండి. అన్నం అప్పుడే దిగుతుంది, వేపుడు ఇంకా కరకరలాడుతూ ఉంటుంది.

మెస్ లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను. గల్లా దగ్గర ఫుల్ మీల్స్ టోకెన్ తీసుకుంటారు. ఆకు వేస్తారు, కందిపొడి, నెయ్యి, ఆవకాయ, గోంగూర పచ్చడి, పప్పు, ఒక కూర, ఒక వేపుడు, సాంబారు, రసం, పెరుగు. అడిగినంత అన్నం. ఈ భోజనం మీద యజమానికి మిగిలేది చాలా తక్కువ. మీరు రెండో ముద్ద కలుపుతుండగా ఒక కుర్రాడు పళ్లెం నిండా చిన్న గిన్నెలు పట్టుకుని వస్తాడు: కోడి వేపుడు, రొయ్యలు, చేపల పులుసు, బోటీ. లాభమంతా ఆ పళ్లెంలోనే ఉంటుంది. ప్రతి మనిషీ ఒక గిన్నె తీసుకుంటే మెస్ బిల్లు కూడా రెస్టారెంటు బిల్లవుతుంది. ఇద్దరికి ఒక చేపల పులుసు తీసుకుని, మిగతాదంతా పప్పు, పచ్చడితో తినండి. గోంగూరా నెయ్యీ ఉన్న ఆకు ముందు కూర్చున్నవారికి అంతకంటే కావలసింది ఏమీ లేదని నా గట్టి నమ్మకం. నాలుగేళ్ల పాపకు వేరే టోకెన్ అక్కర్లేదని ముందే అడిగి తెలుసుకోండి, చాలా చోట్ల ఏమీ అనరు. దగ్గర్లోని మెస్‌కు తరచూ వెళ్లేటట్లయితే నెలవారీ కూపన్లు ఉన్నాయా అని కనుక్కోండి. విడిగా కట్టే ధర కంటే అవి తక్కువకు వస్తాయి.

కర్రీ పాయింట్‌ను కూడా చిన్నచూపు చూడకండి. కొండాపూర్ సందుల్లో ఎన్నో ఉన్నాయి. ఇంట్లో అన్నం వండుకుని, ఒక పప్పు, ఒక వేపుడు, ఒక సాంబారు తెచ్చుకుంటే ముగ్గురి రాత్రి భోజనం అయిపోతుంది. వెళ్లేటప్పుడు స్టీలు డబ్బాలు తీసుకెళ్లండి. మరిగే సాంబారును పలుచటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వడం ఆరోగ్యానికి మంచిది కాదు. సాయంత్రం ఏడింటికి వెళ్తే వండినవన్నీ ఉంటాయి. తొమ్మిది దాటితే మిగిలినవే.

మీకు దగ్గర్లో ఇంకొకటి ఉంది. రాయదుర్గం దగ్గర ఐకియా ఫర్నిచర్ దుకాణంలోని రెస్టారెంటు. 2018 ఆగస్టులో దుకాణం తెరిచినప్పుడు వెయ్యి సీట్ల రెస్టారెంటు పెట్టి, వెజ్ బిర్యానీ 99 రూపాయలకు, సమోసా పది రూపాయలకు అమ్మారు. భోజనం చవకగా ఉంటే జనం ఎక్కువసేపు దుకాణంలో ఉంటారన్నది ఆ సంస్థ పద్ధతి. చిన్నపిల్లలతో వెళ్లడానికి చాలా అనువైన చోటు. వారాంతం మాత్రం వద్దు, తిండి మీద మిగిల్చింది అల్మారాల మీద పోతుంది.

నెలాఖరులో నిజంగా చేతిలో డబ్బు లేని రోజు ఎవరికైనా వస్తుంది. నగరంలో అయిదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. అన్నపూర్ణ క్యాంటీన్లుగా మొదలైనవి ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. హరే కృష్ణ సంస్థ వంటశాలలో వండి తెస్తారు. 2025 నుంచి కొన్నిచోట్ల పొద్దున టిఫిన్ కూడా అయిదు రూపాయలకే పెడుతున్నారు. మీ కాకినాడలో అన్న క్యాంటీన్ కూడా ఇలాంటిదే. అక్కడ నిలబడి తినడం నామోషీ అనుకోవద్దు, మీ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకూ చెప్పండి.

చవక అని శుభ్రత వదులుకోవద్దు. హోటల్ బిల్లు మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు ఉండాలి. పిల్లలతో ఉన్నప్పుడు షావర్మా, మోమోలు అమ్మే బండ్ల దగ్గర మయోనైజ్ వేయించుకోకండి. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది, కారణం జనం జబ్బుపడటమే. వేడివేడిగా కళ్ల ముందు వేసే దోసె, పెనం మీంచి దిగే జొన్నరొట్టె చవకైనవీ క్షేమమైనవీ.

ఇప్పుడు ఎనిమిది మంది సంగతి. బఫేకు తీసుకెళ్లాలని మీకు అనిపించవచ్చు, నేనైతే వద్దంటాను. బఫేలో మనిషికింత అని కట్టాలి. షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్లు రెండు ముద్దలు తిని లేస్తారు, డబ్బు మాత్రం యువకుడితో సమానంగా కట్టాలి. గంటన్నరసేపు లేచి వెళ్లి వడ్డించుకోవడం వారికి కష్టం కూడా. కూర్చోబెట్టి వడ్డించే ఆంధ్రా భోజనం హోటల్ అయితే మనిషికి అయ్యేది తక్కువ, అడిగి అడిగి పెడతారు, వారికి అలవాటైన తిండి. వేపుడు, పులుసు లాంటి ప్రత్యేకాలు నలుగురికి ఒకటి చొప్పున రెండు మూడు చెప్పండి.

యాప్‌లో బుక్ చేసే ముందు ఒక రోజు ముందుగా హోటల్‌కే ఫోన్ చేసి మేనేజరుతో మాట్లాడండి. "ఎనిమిది మందిమి, మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తాం, ఏమైనా తగ్గిస్తారా?" అని సూటిగా అడగండి. యాప్ ద్వారా వస్తే హోటల్ యాప్‌కు కమిషన్ కట్టాలి. మీరు నేరుగా వస్తే ఆ డబ్బు మిగులుతుంది కాబట్టి అందులో కొంత మీకు ఇవ్వడానికి మేనేజరుకు వీలుంటుంది. పది శాతం తగ్గించకపోయినా స్వీటో కిళ్లీయో అందరికీ ఉచితంగా ఇస్తామంటారు. చెప్పిన మాటను వాట్సాప్‌లో పెట్టమనండి, ఆ రోజు కౌంటర్‌లో వేరే మనిషి ఉండవచ్చు. ఇంటి నుంచి రెండు క్యాబ్‌ల ఖర్చు కూడా భోజనం లెక్కలోనే వేయండి. పాతిక కిలోమీటర్లు వెళ్లి మూడు వందలు మిగుల్చుకుంటే అది మిగులు కాదు, అందుకే మియాపూర్, కేపీహెచ్‌బీ, మాదాపూర్ దాటి వెళ్లకండి.

ఒక విషయం తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను. మీ పెద్దవాళ్లు మెట్లు ఎక్కగలరా? మంచి మెస్‌లు కొన్ని మొదటి అంతస్తులో, లిఫ్టు లేకుండా ఉంటాయి. అలాగే వారిలో మాంసం తినేవారు ఎందరు, వారు వచ్చే వారంలో ఏకాదశి గానీ పౌర్ణమి గానీ పడుతుందా అనేది కూడా రాయండి.